అలుగు నుండి అడుగుల లెక్కకు: మూసీ పరీవాహకంలో వరద హెచ్చరిక – నిజాంపేట నేపథ్యం

ఉపోద్ఘాతం

వరదల చరిత్రను మనం ఎక్కువగా నష్టాల చరిత్రగానే రాసుకున్నాం. ఎంత నీరు వచ్చింది, ఎన్ని ఇళ్లు కూలాయి, తరువాత ఏ ఆనకట్ట కట్టారు అన్నవే అందులో ప్రధానాంశాలు. నీరు రాకముందు ఆ సంగతి ఎవరికి తెలిసింది, ఏ మాటలో తెలిసింది, ఎవరిదాకా చేరింది అన్న ప్రశ్నలు పక్కకు పోయాయి. హెచ్చరిక అనేది మొదట ఒక భాషావ్యవహారం. చెప్పేవాడు, వినేవాడు, ఇద్దరికీ ఒకే అర్థమిచ్చే మాట – ఈ మూడూ ఉంటేనే అది హెచ్చరిక అవుతుంది. ఈ దృష్టితో మూసీ పరీవాహకంలో 1908 నుండి నేటిదాకా వచ్చిన మార్పును, నిజాంపేటను ఉదాహరణగా తీసుకొని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1908: గొలుసు తెగిన రోజు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు ప్రజల జ్ఞాపకంలో ‘తుగ్యానీ సితంబర్’గా నిలిచింది. సుమారు 15,000 మంది మరణించారన్నది ఎక్కువగా ప్రచారంలో ఉన్న లెక్క. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు.

నిజాం ప్రభుత్వం పిలుపుపై 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఈ ఉపద్రవాన్ని పరిశోధించాడు. నగరానికి ఎగువన 862 చదరపు మైళ్ల పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయని ఆయన లెక్క తేల్చాడు. అంటే నగరాన్ని ముంచినది వాన ఒక్కటే కాదు. ఒక చెరువు తెగి, ఆ నీరు కింది చెరువు మీద పడి, అదీ తెగి, అలా పోగుపడుతూ వచ్చిన నీరు. ఈ గొలుసుకట్టు స్వభావమే హెచ్చరికకు కీలకం. పై చెరువుకు గండి పడిన వార్త కింది ఊరికి నీటికన్నా ముందే చేరితే కొంత ప్రాణరక్షణకు వీలుండేది.

ఆనకట్టలు తెచ్చిన మార్పు

విశ్వేశ్వరయ్య సూచన ప్రకారం మూసీపై ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నదీతీరాన్ని, మురికివాడలను చక్కదిద్దే పని చేపట్టింది. ఈ నిర్మాణాల గొప్పతనం నిర్వివాదం. అయితే వాటితోపాటు హెచ్చరిక స్వరూపం కూడా మారింది. అంతకుముందు వరద ఆకాశం నుండి వచ్చేది. ఇప్పుడది కొంతవరకు గేట్లు ఎత్తే అధికారి నిర్ణయం నుండి కూడా వస్తుంది. 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల నుండి వదిలిన నీటితో మూసీ పొంగి, మహాత్మాగాంధీ బస్ స్టేషనులోకి నీరు చేరినప్పుడు ప్రయాణికులు చిక్కుకుపోయారు. జలాశయం నీటిని ఆపగలదు. ఆపలేనప్పుడు మాట పంపే పని దానిది కాదు.

నీరడి: మరచిన హెచ్చరిక వ్యవస్థ

తెలంగాణ గ్రామాల్లో చెరువు నీటిని చూసుకోవడానికి నీరడి ఉండేవాడు. తూము ఎత్తడం, పొలాలకు నీరు పంచడం, వానకాలంలో కట్టను కనిపెట్టి ఉండడం అతని పనులు. ‘చెరువు మత్తడి దుంకుతోంది’ అన్న ఒక్క మాట ఊరందరికీ అర్థమయ్యేది. నిండిన చెరువుకు అది పండుగ మాట. కింది ఊరికి అదే జాగ్రత్త మాట. కట్ట, తూము, అలుగు, మత్తడి, శిఖం, గండి అనే పదాలు వ్యవసాయ పదజాలం మాత్రమే కావు. నీటి స్థితిని తెలిపే సంకేతాలు. శిఖం భూమి అంటే నిండినప్పుడు నీరు వచ్చి కూర్చునే చోటని తెలిసినవాడు అక్కడ ఇల్లు కట్టుకోడు. ఆ మాట వ్యవహారం నుండి జారిపోయాక, ఎఫ్‌టీఎల్ అన్న మూడక్షరాలు దాని స్థానాన్ని దస్త్రాల్లో నింపాయిగాని మనసుల్లో నింపలేదు.

నిజాంపేట: నది లేని నదీతీరం

నిజాంపేట మూసీ ఒడ్డున లేదు. అయినా ఇది వరద ఊరే. తుర్క చెరువు, ప్రగతినగర్ వైపున్న అంబీర్ చెరువు వంటివి ఈ ప్రాంతపు జలవ్యవస్థకు ఆనవాళ్లు. కూకట్‌పల్లి ప్రాంతపు మిగులు నీరు కూకట్‌పల్లి నాలా ద్వారా హుసేన్ సాగర్‌కు, అక్కడినుండి మూసీకి చేరుతుంది. ఐటీ కారిడార్ విస్తరణతో పంటపొలాలు అపార్టుమెంట్లయ్యాయి. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థ అయింది.

2016 సెప్టెంబరు వానలకు ఇక్కడి భండారీ లేఅవుట్ మునిగి, సెల్లార్లలోకి నీరు చేరి, నివాసులు ఇళ్లలోనే చిక్కుకుపోయారు. అక్కడివారు చదువుకున్నవారు, చేతిలో ఫోన్లున్నవారు. వార్తల కొరత వారికి లేదు. కొరవడినది స్థలజ్ఞానం. ‘భారీ వర్షసూచన’ అన్న ప్రకటన జిల్లా మొత్తానికి వర్తిస్తుంది. ఏ చెరువు ఎంత నిండితే ఏ వీధిలోకి నీరొస్తుందో అది చెప్పదు.

భద్రాచలం ఇచ్చే పాఠం

ఇదే తెలంగాణలో భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు అన్న లెక్కలు అక్కడి ప్రజల నోట పలుకుతాయి. నీటిమట్టం అక్కడ జనభాషలో భాగమైంది. ‘యాభైమూడు దాటింది’ అంటే చాలు, సామాను సర్దుకోవాలని తెలుస్తుంది. నీరడి మాటలో ఉన్న గుణమే ఈ అంకెల్లోనూ ఉంది: స్థలం తెలుసు, మట్టం తెలుసు, చేయవలసిన పని తెలుసు.

గోదావరి వరద ఎగువ నుండి వస్తుంది కాబట్టి వ్యవధి ఉంటుంది. పట్టణ చెరువుకు గంటల వ్యవధి కూడా దొరకకపోవచ్చు. అందుకే ఇక్కడ ముందస్తు ఒప్పందం మరింత అవసరం. ప్రతి చెరువు అలుగు వద్ద అందరికీ కనిపించే కొలతబద్ద, ఏ గీతకు ఏ వీధి ఖాళీ చేయాలో ముందే తేల్చిన పట్టిక, కావలివాని నుండి అపార్టుమెంటు సంఘాలదాకా వార్త చేరే బాట – ఇవి పెద్ద నిర్మాణాలు కావు.

ముగింపు

1908 తరువాత మూసీ సమాజం నీటిని ఆపే విద్యను నేర్చుకున్నది. నీటి మాట వినే విద్యను క్రమంగా కోల్పోయింది. ఆనకట్ట చరిత్ర ఇంజనీర్లది కావచ్చు, హెచ్చరిక చరిత్ర మాత్రం భాషాపరిశోధకుల బాధ్యత కూడా. చెరువు పదజాలాన్ని గ్రామాలవారీగా, ఆ పదాలు సూచించే స్థలాలతో సహా నమోదు చేస్తే, అది నిఘంటువుకు చేర్పుగా మిగిలిపోదు. శిఖంలో ఇల్లు కొనబోయేవానికి అది మొదటి ప్రమాద హెచ్చరిక అవుతుంది.