జాబితాలో లేని ఊళ్ళు

పాలమూరు, నల్లగొండ జిల్లాల పిల్లలు కంప్యూటరును కంటితో చూడకమునుపే క్రికెట్టు జట్లను నడిపారు. అందుకు కావలసినవి ఒక పాఠ్యపుస్తకం, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు. పుస్తకాన్ని చటుక్కున తెరిచి ఎడమవైపు పేజీ సంఖ్యలో చివరి అంకె చూడాలి. 2, 4, 6 వస్తే అన్ని పరుగులు. 8 వస్తే ఒక పరుగు (కొన్నిచోట్ల నోబాలు). సున్నా వస్తే ఔటు. నోటుపుస్తకంలో అటు పదకొండు పేర్లు, ఇటు పదకొండు పేర్లు రాసుకుంటే సోషలు పీరియడు ముగిసేలోగా ఒక మ్యాచి తేలిపోయేది.

బుక్ క్రికెట్టు అని మనం పిలుచుకున్న ఈ ఆట నిజానికి ఒక గణిత నమూనా. ఎడమ పేజీలన్నీ సరిసంఖ్యలే కనుక అయిదు అంకెలకూ ఇంచుమించు సమానావకాశం. అయిదుసార్లు తెరిస్తే సగటున 13 పరుగులు, ఒక వికెట్టు. ఆ లెక్కన ఒక ఇన్నింగ్సుకు సగటున 50 బంతులలో 130 పరుగులు. ఇందులోని లోపం తెలిసిందే: టెండూల్కరుకూ హిర్వాణీకీ ఒకే అదృష్టం. పుస్తకానికి ప్రతిభ తెలియదు. అయితే దానికి పక్షపాతమూ తెలియదు. ఎవరి పేరు రాస్తే వాడే ఆటగాడు. గద్వాల జట్టు ఆస్ట్రేలియాను ఓడించినా అడిగేవారు లేరు.

ప్రతిభను అంకెలుగా మార్చి ఆ లోపాన్ని సరిదిద్దింది కంప్యూటరు. 1985లో ఇంగ్లండులోని ఆడియోజెనిక్ సంస్థ గ్రాహం గూచ్ పేరిట కమడోర్ 64 యంత్రానికి ఒక టెస్టు క్రికెట్టు ఆటను తెచ్చింది. 1998లో ఎంపైర్ ఇంటరాక్టివ్ సంస్థ ప్రచురించిన ‘ఇంటర్నేషనల్ క్రికెట్ కెప్టెన్’ మరో దారి చూపింది. అందులో బ్యాటు పట్టే పని మనది కాదు. 18 ఇంగ్లీషు కౌంటీలలో ఒకదాన్ని ఎంచుకొని, ఆటగాళ్ళతో ఒప్పందాలు కుదుర్చుకొని, ఖర్చు చూసుకొని, సాధన చేయించి, బౌలరునూ ఫీల్డింగునూ నిర్ణయించాలి. బ్యాట్స్‌మన్ ఎంత దూకుడుగా ఆడాలో చెప్పాలి. ఆపైన జరిగేది చూస్తూ కూర్చోవాలి. ఇటువంటి ఆటలన్నింటి మూలసూత్రం ఒక్కటే. ప్రతి బంతికీ యంత్రం ఒక యాదృచ్ఛిక సంఖ్యను తీస్తుంది; బ్యాట్స్‌మన్ నైపుణ్యం, బౌలరు నైపుణ్యం, పిచ్చి స్వభావం ఆ సంఖ్యను అటో ఇటో మొగ్గిస్తాయి. పేజీ తిప్పడం అదే, కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కొక్క పుస్తకం.

మన జిల్లా కేంద్రాలలో ఎం.ఎస్. ఆఫీసు, ట్యాలీ నేర్పే కంప్యూటరు సంస్థలు, ఆ వెంటనే నెట్ సెంటర్లు వెలసిన కాలంలో ఈ ఆటలు సీడీలలో చేతులు మారుతూ ఇక్కడికీ చేరాయి. జట్టును నడిపే ఆటకు ఖరీదైన యంత్రం అక్కరలేదు, వేగంగా కదిలే వేళ్ళూ అక్కరలేదు. ఓపిక చాలు. ఆ ఓపికకు మన దగ్గర కొదవలేదు.

కానీ నోటుపుస్తకంలో లేని ఒక చిక్కు ఇక్కడ ఎదురైంది. ఆటగాడి నైపుణ్యానికి అంకె ఎక్కడినుంచి వస్తుంది? అతడు ఆడిన మ్యాచుల సగటు నుంచి. 1999–2000 రంజీ పోటీలలో వి.వి.ఎస్. లక్ష్మణ్ 1415 పరుగులు చేశాడు. అతడికి అంకె ఇవ్వడం సులభం. వనపర్తిలోనో దేవరకొండలోనో బంతి విసిరే కుర్రవాడు ఫస్టు క్లాసు మ్యాచి ఆడలేదు. ఆడలేదు కనుక సగటు లేదు. సగటు లేదు కనుక అంకె లేదు. అంకె లేనివాడు ఆటలో లేడు.

ఈ గైరుహాజరీని యంత్రం పుట్టించలేదు, నిజ జీవితం నుంచి తెచ్చుకుంది. 1956లో రాష్ట్రాలు కలిసినా క్రికెట్టులో ఆంధ్ర, హైదరాబాదు జట్లు విడిగానే ఉండిపోయాయి. ఒకే రాష్ట్రానికి చెందిన ఆ రెండు జట్లు 1994 జనవరిలో సికింద్రాబాదులో తలపడినప్పుడే హైదరాబాదు 6 వికెట్లకు 944 పరుగులు చేసింది, అందులో ఎం.వి. శ్రీధర్‌వి 366. తెలంగాణ జిల్లాలు హైదరాబాదు సంఘం కిందికి వచ్చాయి. 2014లో రాష్ట్రం ఏర్పడింది. 2016లో, 2019లో మన రెండు జిల్లాలు చీలి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి పుట్టాయి. రంజీ జట్టు పేరు మాత్రం హైదరాబాదే. ఆ సంఘం వ్యవహారాల కోసం సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు, ఒకే కుటుంబం చేతిలో పలు క్లబ్బులున్నాయన్న కారణంతో 2023లో 57 క్లబ్బులను ఎన్నికలకు దూరం పెట్టారు. నగరంలో ఒక్క ఇంటికి ఇన్ని క్లబ్బులు. ఇక్కడ వంద కిలోమీటర్ల అవతల ఒక జిల్లాకంతటికీ ఎన్ని? జిల్లా బిడ్డ పైకి రావాలంటే ఊరు విడవాలి. 2025 అండర్-19 మహిళల ప్రపంచకప్పులో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన గొంగడి త్రిష కుటుంబం భద్రాచలం వదిలి సికింద్రాబాదు చేరింది. అలా చేరగలిగిన ఇళ్ళు ఎన్నని?

2006లో ఈఏ స్పోర్ట్స్ ‘క్రికెట్ 07’ తెచ్చింది. ఇంగ్లండు, ఆస్ట్రేలియా జట్లకే హక్కులు కొన్నది కనుక భారత ఆటగాళ్ళ పేర్లను అందులో వంకరటింకరగా మార్చిపెట్టారు. దేశమంతా ఆ పేర్లను సరిదిద్దడానికి పూనుకుంది. అభిమానులు తయారుచేసిన జాబితా దస్త్రాలు పెన్‌డ్రైవులలో తిరిగాయి. జాబితా అన్నది చేత్తో మార్చదగినదే అని తెలిసిన తరువాత టెండూల్కరు దగ్గర ఎందుకు ఆగాలి? కౌంటీ జట్లను చెరిపి మిర్యాలగూడ, కల్వకుర్తి అని రాసుకోవచ్చు. అక్కడ మరో తమాషా: ఆట అడిగేది పేరు, ఇంటిపేరు అన్న వరుసలో. మన వరుస తలకిందులు. లక్ష్మణ్‌కు ‘వంగిపురపు’ ముందు, ‘లక్ష్మణ్’ చివర. మన కుర్రవాళ్ళ పేర్లను ఆ గడులలో ఇరికించేసరికి ఇంటిపేరు వ్యాఖ్యాత నోట పడేది, లేదా మొత్తానికే మాయమయ్యేది.

ఆ దస్త్రాలు పిల్లల చేష్టలని కొట్టిపారేయడం సులభం. జయసింహ, పటౌడీ, ఆబిద్ అలీ వంటివారు కలిసి ఆడినా హైదరాబాదు 1937–38 తరువాత మళ్ళీ రంజీ గెలవడానికి 1986–87 దాకా ఆగింది; ఆ కథ పుస్తకాలకెక్కింది. జిల్లా జట్ల కథ ఎక్కినది నోటుపుస్తకాల వెనక పేజీలలోకి, ఆపైన పాత హార్డుడిస్కులలోకి. నోటుపుస్తకాలు కిలోల లెక్కన అమ్ముడుపోయాయి, డిస్కులు తుప్పుపట్టాయి. అటకమీద అటువంటిది ఇంకా ఏదైనా మిగిలివుంటే పారేయకండి. కల్వకుర్తికి ఒక సగటు ఉన్నదని చెప్పే కాగితం బహుశా అదొక్కటే.