తాజికు భాషలో నామవాచకముల చరిత్ర

కోహినూరు పేరెఱుగని తెలుగువాడుండడు. కృష్ణాతీరమునందలి కొల్లూరు గనులలో అది దొరికినదని చెప్పుదురు. పేరు మాత్రము పారసీకపు కూర్పు. కోహ్ అనగా కొండ. నూర్ అనగా వెలుగు. ఆ రెంటి నడుమ నిలిచిన ఇకారమే వానిని ముడివేసి "వెలుగుకొండ" యను నర్థమును కలిగించుచున్నది. మధ్యాసియాయందలి తాజికు భాషలో నామవాచకములు నడచు తీరంతయు ఈ చిన్న ఇకారము చుట్టును తిరుగుచుండును.

తాజికు మనము బొత్తిగా నెఱుగని భాష కాదు. ఇరానులో ఫార్సీ యనియు, ఆఫ్గనిస్తానములో దరీ యనియు పేరుగల భాషయే తజికిస్తానమునందును, ఉజ్బెకిస్తానములోని సమర్ఖందు, బుఖారా నగరములందును తాజికు అనబడుచున్నది. దీని పూర్వరూపమును క్రీ. పూ. 520 ప్రాంతమున డరయసు చక్రవర్తి బెహిస్తూను కొండపై చెక్కించిన శాసనమున చూడవచ్చును. సంస్కృతము చదివినవారికి దానిని చూడగానే దాయాదిని చూచినట్లుండును. మూడు లింగములు, మూడు వచనములు, విభక్తులు అన్నియు నా భాషలో కలవు. చక్రవర్తి తన్ను "క్షాయథియ క్షాయథియానామ్" అని చెప్పుకొనెను. రాజులకు రాజని భావము. మన "దేవానామ్" అను షష్ఠీ బహువచనమే యిది.

తరువాతి వేయేండ్లలో ఈ వైభవమంతయు రాలిపోయినది. పదాంతములు నోటబడి అరిగి, విభక్తులకు భేదము నశించెను, లింగమును పోయెను. నేటి తాజికులో అతడన్నను ఆమె యన్నను ఒక్కటే సర్వనామము. అయినను శిథిలములనుండి క్రొత్త యిల్లు కట్టుకొన్నట్లు, ఆ "ఆనామ్" అనునదే "ఆన్" అయి బహువచన ప్రత్యయముగా నిలిచినది. షాహన్‌షా యను బిరుదులో దాగియున్నది అదియే. తాజికులు దానిని "ఓన్" అందురు: మర్ద్ పురుషుడు, మర్దోన్ పురుషులు. అన్నిటికిని చెల్లు ప్రత్యయము "హో": కితోబ్ పుస్తకము, కితోబ్‌హో పుస్తకములు. "నిమిత్తము" అను నర్థముగల ప్రాచీనశబ్దమొకటి "రో" అయి, ఫలానిదని తెలిసిన కర్మకు చేరుచున్నది. "ఒకటి" అను శబ్దము అరిగి ఎకారమైనది. కితోబె యనగా ఏదో యొక పుస్తకము.

మన ఇకారము పుట్టుక ఇంకను వింతయైనది. ప్రాచీన పారసీకమున "హ్య" అను సంబంధవాచక సర్వనామముండెను. అందలి యకారము సంస్కృతపు "యః" అనుదానికి తోబుట్టువు. అది క్రమముగా కుదించుకొనిపోయి ఒక్క అచ్చుగా మిగిలినది. దీనికి ఇజోఫత్ అని పేరు. కితోబి నవ్ క్రొత్త పుస్తకము. కితోబి పదర్ తండ్రి పుస్తకము. విశేషణమునకును షష్ఠికిని ఒక్కటే ముడి. విభక్తులు పోయిన భాష చెడిన భాష యనువారు మన పండితులలో నేటికిని కలరు. రూదకీ బుఖారా కొలువులో కవిత్వము చెప్పినది విభక్తులు పోయిన ఈ భాషలోనే.

చిక్కు వచ్చినది వ్రాతలో. అరబ్బీ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణముగా వ్రాయరు గనుక హల్లు తరువాతి ఇజోఫత్ కంటికి కనబడదు. అర్థము గ్రహించి చదువరియే చేర్చుకొనవలయును. మదరసాలో ఏండ్లు గడపినవానికిది కష్టము కాదు. పొలము దున్నువాని బిడ్డకు కష్టమే. 1928లో లాటిను లిపి, 1940లో రష్యను లిపి వచ్చిన పిమ్మట ఇకారమును, ఎకారమును వేర్వేఱుగ కనబడజొచ్చినవి. బడిపంతులుగా నాకిది గొప్ప మేలని తోచును. కాని పండ్రెండేండ్లలో రెండు మారులు లిపి మారిన యింట తాత పుస్తకము మనుమనికి చిత్రపటమే యగును. ఈ నష్టమును సంస్కర్తలు తక్కువగ నెంచిరి. పొరుగు ముసల్మాను దేశములనుండి జనులను విడదీయు రాజకీయమును అందు లేకపోలేదు.

ఆ కాలపు రచయితలలో సద్రుద్దీను ఐనీ ముఖ్యుడు. బుఖారా మదరసాలో చదివిన యీయనను 1917లో అమీరు 75 కొరడాదెబ్బలు కొట్టించెను. తరువాత ఆయన వచనరచనను జనుల పలుకుబడికి చేరువ చేసెను. పండితులు కితోబ్‌నకు "కుతుబ్" అను అరబ్బీ బహువచనమును మెచ్చుదురు. జనులకు కితోబ్‌హో చాలును. అరబ్బీలో విద్యార్థులని యర్థమగు "తలబ" తాజికులో ఒక్క విద్యార్థియే. బహువచనము కావలసినచో తలబగోన్. వ్యాకరణము నెదిరించి వాడుక గెలిచిన తీరు ముచ్చట గొలుపును.

1989లో తాజికు రాజ్యభాష యయ్యెను. గ్రంథభాషలో తండ్రి పుస్తకము కితోబి పదర్ గానే యున్నది. కాని తురుష్కభాషల సాంగత్యముగల ఉత్తరప్రాంతములందు "పదర కితోబష్", అనగా "తండ్రికి, వాని పుస్తకము" అందురు. మన ఇకారము అక్కడ మాయమైనది. "ఇంటికి" అనుటకు గ్రంథభాషలో "బ ఖోన" యనవలయును. వారు "ఖోనబ" యని మన "కు"వలె వెనుక చేర్చుదురు. బడిలో మొదటిది వ్రాసిన పిల్లవాడు గడప దాటగానే రెండవది పలుకును.