ఫ్రెంచి ఫ్రైల పూర్వకథ



పోయిన శ్రావణంలో జహీరాబాదు వైపు ఒక ఊళ్ళో మహిళా సంఘం వారికి బంగాళాదుంపతో ఫ్రెంచి ఫ్రైలు చేసి చూపిద్దామని వెళ్ళాను. బంగాళాదుంప అంటే అక్కడివారికి ఆలుగడ్డ, చిత్తూరు వైపువారికి ఉర్లగడ్డ. మార్కెట్లో ఒక బస్తా కొన్నాను. అప్పుడే కోల్డు స్టోరేజి నుంచి దిగిన సరుకు. చూపుకు బంగారంలా ఉంది. కడిగాను, కత్తిపీటతో వేలిమందాన తరిగాను, నూనె కాగింది, వేశాను. తీసి చూద్దును గదా, పైన మాడిన బెల్లం రంగు, లోపల మెత్తని ముద్ద! "నూనె ఎక్కువ కాగినట్టుంది సారూ" అని ఒక అవ్వ సర్దిచెప్పింది. సెగ తగ్గించి రెండో వాయ వేశాను. అదీ అంతే. నేను చదివిన డిప్లొమా కూడా ఆ మూకుట్లోనే మాడినట్టయింది.

తప్పు మూకుడుది కాదు, నూనెది అంతకన్నా కాదు. దుంప నిలవ ఉన్న చోటులో ఉంది. ఈ సంగతి వంటవాళ్ళకు ఎలా తెలిసివచ్చిందో చెబుతాను.

బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. అక్కడివారు దీన్ని వేల ఏండ్లుగా పండిస్తున్నారు. రాత్రి మంచుకు గడ్డకట్టించి, పగటి ఎండకు ఆరబెట్టి, ఏండ్ల తరబడి నిలవచేసుకొనే ఉపాయం కూడా వారికి తెలుసు. పదహారో శతాబ్దంలో స్పెయినువారు దీన్ని ఐరోపాకు తెచ్చారు. అక్కడ మొదట దీనికి మర్యాద దక్కలేదు. ఫ్రాన్సులో అయితే రోగాలు తెస్తుందని 1748లో సాగునే నిషేధించారు. సైన్యంలో మందులు కలిపే పార్మాంతియే అనే ఆయన ప్రష్యావారికి ఖైదీగా చిక్కి, చెరలో ఈ దుంపలే తిని, ఆరోగ్యంగా తిరిగివచ్చి దీని పక్షాన నిలబడ్డాడు. 1772లో పారిస్ వైద్యపండితులు తినవచ్చునని ఒప్పుకొన్నారు. ఆయన దుంపల చేను వేయించి, పగలు సిపాయిలను కాపలా పెట్టించి రాత్రి తీసివేయించేవాడనీ, ఏదో విలువైన పంట అనుకొని జనం దొంగిలించుకుపోయి తమ పెరళ్ళలో నాటుకొన్నారనీ చెప్పుకొంటారు. మన విస్తరణ ఉద్యోగులకు ఇంతకంటె మంచి ప్రదర్శన క్షేత్రం దొరకదు!

దీన్ని తరిగి కొవ్వులో వేయించడం ఎవరు మొదలుపెట్టారన్న తగవు ఫ్రాన్సుకూ బెల్జియానికీ మధ్య ఇప్పటికీ తెగలేదు. దాని జోలి మనకు వద్దు. అమెరికాలో మాత్రం 1824లో అచ్చయిన మేరీ రాండాల్ఫ్ వంటల పుస్తకంలోనే దుంపలను చక్రాలుగా తరిగి, బట్టతో తడి ఒత్తి, కరకరలాడేదాకా వేయించే పద్ధతి ఉంది. తడి ఒత్తడం అనే మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

అసలు కీలకం 1955లో బయటపడింది. కాలిఫోర్నియాలో ఎడారి అంచున మెక్‌డొనాల్డు అన్నదమ్ముల ఫలహారశాల ఉండేది. వారి వేపుళ్ళకు గొప్ప పేరు. రే క్రాక్ అనే వ్యాపారి వారి పద్ధతి అంతా నేర్చుకొని, చికాగో దగ్గర తన దుకాణం తెరిచాడు. అదే దుంప, అదే కోత, అదే సెగ. వేపుడు మాత్రం చప్పగా మెత్తబడిపోయింది. సరిగ్గా నా గతే పట్టింది పాపం! చివరకు దుంపల వర్తకుల సంఘం మనిషి ఒకాయన అడిగి అడిగి విషయం రాబట్టాడు. ఆ అన్నదమ్ములు దుంపలను వల బిగించిన తొట్లలో ఆరుబయట ఉంచేవారు. ఎడారి గాలికి దుంప ఆరి, లోపలి చక్కెర పిండిపదార్థంగా మారేది. ఆ సంగతి వారికే తెలియదు! క్రాక్ తన నేలమాళిగలో దుంపలకు పెద్ద పంకా పెట్టించాడు. వేపుడు కుదిరింది. ఈ కథ ఆయనే తన జీవితకథలో రాసుకొన్నాడు.

ఇందులో కిటుకు ఏమంటే, దుంప ప్రాణమున్న వస్తువు. పది డిగ్రీలకంటె తక్కువ చలిలో పెడితే తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకొంటుంది. ఆ చక్కెర కాగిన నూనెలో మాంసకృత్తుల అంశాలతో కలిసి, లోపల ఉడికేలోగానే పైన నల్లబడుతుంది. ఈ రంగుమార్పును 1912లో వివరించినవాడు మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. అలా నల్లబడిన ముక్కల్లో ఆరోగ్యానికి మంచిది కాని అక్రిలమైడ్ ఎక్కువని 2002లో స్వీడన్‌వారు కనుగొన్నారు. కనుక మాడినవి రుచికోసమైనా తినవద్దు.

ఇది వంటింటితో పోయే సంగతి కాదు. నాకు తెలిసిన ఒక రైతు, ధర పెరుగుతుందని దుంపలను నాలుగు నెలలు కోల్డు స్టోరేజిలో ఉంచి, చిప్సు చేసేవారి దగ్గరకు బండి తోలుకుపోయాడు. వారు గేటు దగ్గరే నాలుగు దుంపలు కోసి, వేయించి, రంగు చూపించి బండిని తిప్పి పంపారు. కిరాయి మీదపడి, కూరగాయల మార్కెట్లో వచ్చినకాడికి అమ్ముకొన్నాడు. పంటకు తెగులు లేదు, తూకం తగ్గలేదు. రెండు మూడు డిగ్రీల చలి చేసిన పని అది. విత్తన దుంపకు ఆ చలి మంచిదే. వేపుడు దుంపను మాత్రం పది పన్నెండు డిగ్రీల దగ్గర, మొలక రాకుండా మందు వాడి ఉంచాలి. ముందే అడగకుండా గిడ్డంగిలో దింపితే ఇంతే సంగతులు.

రకం మాట కూడా ఉంది. మన కేంద్ర బంగాళాదుంప పరిశోధనాలయం 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారింది. దగ్గరలోని కుఫ్రీ పేరే దాని రకాలకు ఇంటిపేరు. కుఫ్రీ జ్యోతి వంటి పాత రకాలు కూరకోసం వచ్చినవి. వేపుడుకని చక్కెర తక్కువ, పిండి ఎక్కువ ఉండే కుఫ్రీ చిప్సోనా-1, 2 రకాలు 1998లో వచ్చాయి. ఫ్రెంచి ఫ్రైల కోసమే కుఫ్రీ ఫ్రైసోనా ఆ తరువాత వచ్చింది.

ఇక ఆ ఊరి మాట. మిగిలిన దుంపలను చీకటిగా, గాలి ఆడే కొట్టంలో మూడు వారాలు పరిచి ఉంచమన్నాను. వెలుతురు తగిలితే పచ్చబడి విషం పుడుతుంది, కనుక చీకటి తప్పదు. మళ్ళీ వెళ్ళినప్పుడు పదకొండు గ్లాసుల నీళ్ళలో గ్లాసు ఉప్పు కరిగించి దుంపలు వేశాం. మునిగినవి పిండి దుంపలు, వేపుడుకు అవే. తేలినవి కూరకు తీసిపెట్టాం. తరిగిన ముక్కలను నీళ్ళు తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, బట్టమీద పూర్తిగా ఆరనిచ్చాం. తడి ఒత్తమన్నది ఇందుకే. తడి ఉంటే సెగ అంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. మొదట నెమ్మది సెగమీద, రంగు రాకుండా, లోపల ఉడికేదాకా వేయించి తీశాం. చల్లారిన తరువాత నూనె బాగా కాగనిచ్చి, కొద్దికొద్దిగా వేసి రెండు మూడు నిమిషాల్లో తీశాం. ఉప్పు చివర చల్లాం. చలిలో చేరిన చక్కెర అంతా పోదు, అక్కడక్కడ కాస్త ఎరుపు మిగిలింది. అయినా ముక్క విరిస్తే చప్పుడు వినిపించింది.

అవ్వ రెండు ముక్కలు తిని, మనవడికని కొన్ని ఆకులో చుట్టుకొంది. "మరి మా కొడుకు ఈసారి ఏ గడ్డ పెట్టాలె సారూ?" అని అడిగింది. ఊరి సంతలో అమ్మేటట్టయితే జ్యోతి చాలునన్నాను. చిప్సోనా పెట్టాలంటే మాత్రం, కొనేవారు ఎవరో, ఎన్ని డిగ్రీల గిడ్డంగి దొరుకుతుందో కనుక్కొని నా దగ్గరకు రమ్మని చెప్పాను. దసరాకు ముందే వచ్చాడు.