లింగంపేటలో దిగండి

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కదిలింది. కిటికీ పక్క సీటు దొరికిందిగా, పట్టణం దాటేదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత వరి మళ్లు, మక్క చేన్లు, నడుమ నడుమ బండరాళ్ల గుట్టలు. కండక్టర్ "లింగంపేట" అని కేకెయ్యగానే లేవండి. టికెట్ ఎల్లారెడ్డి దాకా ఉన్నా సరే, ఇక్కడే దిగండి.

"అన్నా, నాగన్న బావి ఎటు?"

"మెట్ల బావేనా? గిట్ల పోండ్రి" అని చెయ్యి చూపిస్తారు.

దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు. అంచు దాకా వచ్చాక మాత్రం కాలు తనంతట తనే ఆగుతుంది. నేలలోకి అంతస్తులుగా దిగిపోయిన రాతి కట్టడం, మెట్ల వెంట మెట్లు. 18వ శతాబ్దంలో జక్సాని నాగన్న కట్టించాడని చెప్తారు.

దిగండి. పది మెట్లు దిగేసరికి మెడ మీది ఎండ వదిలేస్తుంది. ఇంకొన్ని మెట్లు దిగితే రోడ్డు మీది ఆటో హారన్లు కూడా పైనే ఉండిపోతాయి. గోడకు చెయ్యి ఆనించండి, రాయి చల్లగా తగులుతుంది. ఇక్కడ గట్టిగా మాట్లాడబుద్ధి కాదు, మాట్లాడితే గొంతు తిరిగొస్తుంది.

ఈ మెట్లు అందం కోసం మాత్రమే కట్టినవి కావు. వానాకాలంలో ఊట ఉబికి నీళ్లు పైమెట్ల దాకా వస్తాయి. ఎండలు ముదిరేకొద్దీ మట్టం దిగుతుంది, బిందె పట్టుకున్న మనిషి కూడా దాని వెంట ఒక్కో మెట్టే దిగుతుంది. చేద, గిలక అక్కర్లేదు. నీడ వల్ల నీళ్లు తొందరగా ఆవిరైపోవు. పైన చెరువు నిండితే భూమిలోకి ఇంకిన నీరు బావుల్లో ఊరుతుంది. చెరువునీ బావినీ ఒకటిగా చూసిన మన పెద్దల లెక్క ఇది. బోర్లు వచ్చాక ఆ లెక్క మరిచాం. చెట్లు మొలిచాయి, పూడిక పేరుకుంది, ఎన్నో ఊళ్లలో బావి చెత్తకుండీ అయింది. ఈ బావికీ ఆ గతే పట్టేది. కల్పనా రమేష్ నడిపే 'ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్' బృందం పూనుకోబట్టి బతికింది. సికింద్రాబాద్‌లో 2022 డిసెంబరులో తెరిచిన బన్సీలాల్‌పేట మెట్లబావి వెనకా వాళ్ల శ్రమే ఉంది.

ఊటను కాపాడుకున్న ఊరు ఎలా ఉంటుందో చూడాలంటే జర్మనీలో బాడెన్-బాడెన్ అనే పట్టణం ఉంది. రోమన్ల కాలం నుంచీ వేడినీటి ఊటల దగ్గర స్నానాలు, ఊరి నడుమ వాగు వెంట పెద్ద తోట. 2021లో యునెస్కో ఏడు దేశాల్లోని 11 ఊటల పట్టణాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అందులో ఇదీ ఒకటి. ఊటను ఊరి గౌరవంగా చూసుకున్నారు కాబట్టే అంత దూరం నుంచి జనం వెళ్తున్నారు. మనకూ ఆ చేవ ఉంది. ఇదే కామారెడ్డి జిల్లాలోని దోమకొండ కోటను బాగుచేసిన తీరుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది.

పైకెక్కి మళ్లీ బస్సు పట్టుకోండి. ఎల్లారెడ్డి నుంచి మెదక్ వైపు వెళ్తే పోచారం చెరువు, దాన్ని ఆనుకుని అడవి, జింకలు. ఆ ఆనకట్ట కట్టింది 1916-22 మధ్య. ఇంకోవైపు వెళ్తే మంజీర మీద నిజాంసాగర్, 1931లో పూర్తయింది. రెండూ చూడదగ్గవే, పొద్దుగూకేలోపు కుదిరితే.

నాగన్న బావికి వచ్చినప్పుడు నీళ్ల సీసా, చిప్స్ ప్యాకెట్ అక్కడ పడెయ్యకండి. మీ ఊళ్లో పూడిపోయిన బావి ఉంటే ఈసారి గ్రామసభలో దాని మాట ఎత్తండి. పూడిక తీస్తే ఊట మళ్లీ వస్తుందో లేదో తెలిసినవాళ్లతో చూపించమని అడగండి.