మూకుడు అంచున ఆదివారం

2020 జనవరి 12. మధ్యాహ్నం ఒంటిగంట.

మనీలాకు దక్షిణంగా 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న టగైటై గట్టు మీద హోటళ్లన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ముందు వేడివేడి ‘బులాలో’, అంటే ఆవు మూలుగ ఎముకల పులుసు. కిందికి చూస్తే పెద్ద సరస్సు, నడుమ పచ్చటి దీవి. ఫిలిప్పీన్స్ రాజధానివాళ్లకు సెలవు రోజంటే ఇదే. దీవి మొత్తం ఎత్తు 311 మీటర్లు. దాన్ని చూసి భయపడమంటే ఎవరు పడతారు?

చాలామంది దీవి అంచున నున్నగా లేచిన చిన్న శిఖరాన్ని చూపించి ‘అదిగో తాల్ అగ్నిపర్వతం’ అంటారు. అది పక్కన మొలిచిన పిలక మాత్రమే. దీవి అంతా అగ్నిపర్వతమే. అసలు ఆ సరస్సే ఎప్పుడో కూలిపోయిన పాత అగ్నిపర్వతపు మూకుడు లాంటి గుంట. వాళ్లు కూర్చుని భోంచేస్తున్న గట్టు ఆ మూకుడు అంచు.

ఒంటిగంటకు దీవి నడుమ నుంచి తెల్లటి ఆవిరి లేచింది. సందర్శకులు ఫోన్లు తీశారు. దీవి మీదివాళ్లు మాత్రం పడవల దగ్గరికి పరుగెత్తారు. అది శాశ్వత ప్రమాద ప్రాంతమని, అక్కడ కాపురం ఉండొద్దని ప్రభుత్వం ఏనాడో చెప్పింది. అయినా అప్పటికి వేలమంది ఉండేవారు. సరస్సులో చేపలు, చేపల పెంపకం, సందర్శకులను గుర్రాల మీద అగ్నిబిలం దాకా ఎక్కించే పని: బతుకంతా అక్కడే. గుర్రాలను పడవ ఎక్కించే వ్యవధి లేదు. వీలైనవాళ్లు కట్లు విప్పారు, లేనివాళ్లు లేదు.

రెండున్నరకు అగ్నిపర్వత హెచ్చరిక రెండో స్థాయికి చేరింది. నాలుగింటికి మూడు. రాత్రి ఏడున్నరకు నాలుగు. ఆ పైన మిగిలింది ఐదొక్కటే. బూడిద మేఘం 10 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తుకు లేచింది, దాని కడుపులో మెరుపులు. టగైటైలో వాన పడితే బురద కురిసింది. మనీలా విమానాశ్రయం ఆగిపోయింది. తెల్లారేసరికి రాజధాని మందుల షాపుల్లో మాస్కులు దొరకలేదు. (కరోనా ఇంకా అక్కడికి రాలేదు సుమా!)

ఇంత చిన్న కొండకు అంత ఉగ్రత ఎందుకు? నీళ్లు. కాగిన నూనెలో చెంచాడు నీళ్లు పోస్తే ఏమవుతుందో వంటింటి వాళ్లకు తెలుసు. కింద శిలాద్రవం, పైన సరస్సు. రెండూ కలిస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై కొండను చీల్చేస్తుంది.

ఈ కొండ 1754లోనూ ఆర్నెల్లు పైగా రగిలింది. తాల్, లిపా, తనవాన్, సాలా ఊళ్లు నాశనమయ్యాయి. మిగిలినవాళ్లు దూరంగా వెళ్లి అవే పేర్లతో కొత్త ఊళ్లు కట్టుకున్నారు. అంతకుముందు సముద్రంతో కలిసి ఉన్న సరస్సుకు ఆ దారి పూడుకుపోయింది. ఉప్పునీరు కాలక్రమేణా మంచినీరైంది. అందులో చిక్కుకున్న కవళ్ల జాతి చేప అక్కడే స్థిరపడిపోయింది. ‘తవిలిస్’ అంటారు, ఇంకెక్కడా దొరకదు.

1911 జనవరి 27 రాత్రి నుంచి మనీలా అబ్జర్వేటరీలో భూకంప మాపకం సూది వరసగా వణికింది. మూడో రాత్రి, 30న తెల్లవారుజామున రెండు దాటాక, కొండ పేలింది. మనీలాలో నిద్ర లేచినవాళ్లు దక్షిణాన నల్లటి మబ్బునూ, అందులో మెలికలు తిరిగే మెరుపులనూ చూశారు. దీవి మీద నిద్రపోయిన పల్లెలు మళ్లీ లేవలేదు. లెక్కకు తేలిన మృతులు 1,335 మంది.

1965లో సంకేతం ఇంకా తేటగా వచ్చింది. దీవి నడుమ బిలంలో ఉన్న చిన్న సరస్సు నీరు 33 డిగ్రీల నుంచి 45కు ఎక్కింది. అది పొయ్యి మీది కుండే కదా! అయినా సెప్టెంబరు 28 అర్ధరాత్రి దాటాక పేలేటప్పటికి జనం ఇళ్లలోనే ఉన్నారు. ఈసారి మబ్బు పైకే కాదు, నేల వెంబడి తుపానులా పక్కలకూ దూసుకొచ్చింది. చెట్లకు కొండవైపు మాత్రమే బెరడు ఊడిపోయింది. సుమారు 200 మంది పోయారు. పారిపోతూ పడవలు బోల్తాపడి మునిగినవాళ్లూ వారిలో ఉన్నారు. సముద్రంలో అణుబాంబు పేల్చినప్పుడు నీటి మీద పరుచుకునే మేఘం అచ్చం ఇలాగే ఉంటుందని గుర్తుపట్టినవాడు అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ మూర్.

2020లో కొన్ని గంటల్లోనే దీవి ఖాళీ అయింది. కొన్నిరోజులకు చూస్తే బిలంలోని సరస్సు ఆవిరైపోయి ఉంది.

ఈలోగానే గుర్రాలవాళ్లు తిరిగి పడవలెక్కారు. గస్తీ వాళ్లు వద్దన్నారు. కొండ ఇంకా ఉరుముతూనే ఉంది. ఎదుటి ఒడ్డున మోకాళ్ల దాకా బూడిదలో గుర్రాలు నిలబడి ఉన్నాయి, నల్లవో తెల్లవో తెలియకుండా.