మైకా అంటే ముక్క



మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మ తన బైబిల్లో గుర్తుకోసం పెట్టుకున్న పల్చని రేకు తీసి చూపించింది. గాజులా ఉంది, గాజు కాదు. "చిన్నప్పుడు సైదాపురం వైపు మైకా షెడ్డులో పనిచేశానయ్యగారూ, అప్పటిది. కాకిబంగారం అనేవాళ్ళం. అసలు మైకా అంటే ఏంది?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. వారమంతా వెతికి ఇది రాస్తున్నాను.

పాత పేరు అభ్రకం. సంస్కృతంలో అభ్రమంటే మేఘం. ఆయుర్వేద వైద్యులు దాన్ని భస్మం చేసి మందుగా ఇచ్చేవారు. కాకిబంగారం మాత్రం జనం మాట. మెరుస్తుంది, కంసాలి కొనడు. నిజం చెప్పాలంటే నాకు ఈ పేరే నచ్చింది.

మైకా లాటిన్ మాట. 'మీకా' అంటే చిన్న ముక్క, రొట్టె పొడి. ఆ భాషలోనే మెరవడానికి 'మికారే' అంటారు. రెండూ దగ్గరగా వినబడడంతో ఈ రాతికి ఆ పేరు స్థిరపడిందని పండితులు చెబుతారు. లాటిన్ బైబిల్ మత్తయి 15:27లో, కనాను స్త్రీ చెప్పిన బల్లమీదనుండి పడే ముక్కలకు వాడిన మాట ఇదే. లూకా 16లో లాజరు ఆశపడిన ముక్కలకూ ఇదే.

రష్యాలో ఈ రేకులను కిటికీలకు అద్దాల్లా బిగించేవారు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని మస్కొవీ గాజు అన్నారు. అందుకే మన నెల్లూరు రకం మైకాకు శాస్త్రంలో మస్కోవైట్ అని పేరు. కోడెర్మా మైకా కెంపు రంగు, మనది పచ్చని ఛాయ.

మనం నెల్లూరు పోతూ దాటే సంగం ఉంది కదా, అక్కడినుంచి గూడూరు దాకా సుమారు 100 కిలోమీటర్ల మేర ఈ రాయి దొరికే నేల. 19వ శతాబ్దం చివర గనులు మొదలయ్యాయి. వేడికి మాడదు, కరెంటు పారనివ్వదు. అందుకే పాత రేడియోల్లోకి, ఇస్త్రీపెట్టెల్లోకి వెళ్ళింది. రాయిని పొరలు పొరలుగా చీల్చింది మాత్రం ఈ పెద్దమ్మలాంటి వాళ్ళే. అంచు తగిలితే వేలు తెగేదట. ట్రాన్సిస్టర్లు వచ్చాక గిరాకీ పడిపోయి గనులు చాలావరకు మూతపడ్డాయి.

ఆనాడు మైకా కోసం తవ్వి, పనికిరాదని పక్కన పోసిన తెల్లరాయి కోసం ఈమధ్య లారీలు వచ్చాయి.

ఇదంతా చెప్పి, రేకును మత్తయి 15 దగ్గర పెట్టబోయాను. "వద్దయ్యగారూ, అది ఇరవైమూడో కీర్తనలోది" అని తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టుకుంది.