గ్వెన్‌లియన్: ఒక వేల్స్ ఆడపిల్ల పేరు, 900 ఏళ్ల చరిత్ర

భూమి గురించి, చట్టాల గురించి, పోరాటాల గురించి మనం చాలా రాసుకున్నాం. ఈసారి ఒక పేరు గురించి రాస్తున్నా. మన దగ్గరి పేరు కాదు. బ్రిటన్‌కు పడమటి పక్కన కొండలతో నిండిన వేల్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడ ఆడపిల్లలకు పెట్టే పేరు ఇది: గ్వెన్‌లియన్. ఇవాళ ఇది అరుదైన పేరు. అయినా ఈ పేరు వెంట నడిస్తే ఒక జాతి ఎట్లా ఓడింది, భాష ఎట్లా తగ్గింది, మళ్లీ ఎట్లా నిలబడుతోంది, అంతా కనిపిస్తుంది. ఓపికగా చదవండి.

ముందు అర్థం. వేల్స్ భాషలో 'గ్వెన్' అంటే తెలుపు, చక్కదనం, పవిత్రత. 'లియన్' అనే భాగం అవిసె నారతో నేసే లినెన్ బట్టను చెప్పే మాట నుంచి వచ్చిందంటారు. రెండూ కలిపితే అవిసె నారలా మెరిసే తెల్లని పిల్ల అని చెప్పుకోవచ్చు. పలకడం మాత్రం మనం రాసినంత సులువు కాదు. అందులోని 'ల' మన 'ల' కాదు. నాలుకను 'ల'కు పెట్టినట్టే పెట్టి, గొంతు కలపకుండా పక్కల నుంచి గాలి ఊదాలి. ఆ శబ్దం ఇంగ్లీషులో లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇంకో మాట. 'వేల్స్' అనేది వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. ఇంగ్లీషువాళ్ల పూర్వీకులు 'పరాయివాళ్లు' అనే అర్థంలో పిలిచిన మాట అది. వాళ్ల నేల మీద వాళ్లనే పరాయివాళ్లన్నారు! వాళ్లు తమ దేశాన్ని 'కమ్రి' అంటారు, ఒకే నేల మనుషులు అని దాని అర్థం. బయటివాళ్లు 'గోండు' అంటే, మన గోండులు తమను 'కోయితూర్' అని చెప్పుకున్నట్టే ఇదీ.

ఇక కథలోకి వద్దాం. ఈ పేరుతో చరిత్రలో నిలిచినవాళ్లలో ఇద్దరు ముఖ్యం.

మొదటామె ఉత్తరాన గ్వినెద్ రాజు గ్రిఫిద్ ఆప్ కనాన్ కూతురు. దక్షిణాన దెహైబార్త్ రాజకుటుంబానికి చెందిన గ్రిఫిద్ ఆప్ రీస్‌ను పెళ్లాడింది. అప్పటికే ఆ ప్రాంతాల్లో నార్మన్లు దిగి, మంచి భూములు పట్టుకుని కోటలు కట్టుకున్నారు. 1136లో వేల్స్ ప్రజలు తిరగబడ్డారు. భర్త సాయం అడగడానికి ఉత్తరానికి పోయాడు. ఆ సమయంలో దక్షిణాన శత్రువు కదిలాడు. గ్వెన్‌లియన్ ఆగలేదు. దొరికిన మనుషులను కూడగట్టి కిడ్వెలీ కోట దగ్గర తానే సైన్యాన్ని నడిపింది, ఇద్దరు కొడుకులను కూడా వెంట తీసుకుపోయింది. ఆ యుద్ధంలో ఓడిపోయారు. ఒక కొడుకు చనిపోయాడు, ఇంకొకడు పట్టుబడ్డాడు, ఆమె తల నరికేశారు. అదే ఏడాది చివర్లో ఆమె అన్నదమ్ములు వచ్చి కార్డిగన్ దగ్గర నార్మన్లను చిత్తుగా ఓడించారు. ఆమె చనిపోయిన పొలాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ 'గ్వెన్‌లియన్ పొలం' అనే అంటారు.

రెండో గ్వెన్‌లియన్‌ది వేరే రకం కథ. ఆమె యుద్ధం చేయలేదు. అసలు ఆమెకు ఏం జరిగిందో తెలిసే వయసు కూడా లేదు. 1282 జూన్‌లో పుట్టింది. కన్నప్పుడే తల్లి ఎలియనోర్ చనిపోయింది. తండ్రి లువెలిన్ ఆప్ గ్రిఫిద్ వేల్స్ రాజు. అదే ఏడాది డిసెంబర్ 11న ఇంగ్లండ్ సైన్యం చేతిలో చనిపోయాడు. మరుసటి ఏడాది బాబాయి దావిద్‌ను పట్టుకుని ఘోరంగా చంపారు. దావిద్ కొడుకులను బ్రిస్టల్ కోటలో బంధించారు. చంటిపాప అయిన గ్వెన్‌లియన్‌ను ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ తూర్పున ఎక్కడో లింకన్‌షైర్‌లోని సెంప్రింగ్‌హామ్ మఠానికి పంపేశాడు. ఎందుకు? ఆమెకు పెళ్లయి కొడుకు పుడితే వేల్స్‌కు వారసుడు ఉంటాడు. సన్యాసినిని చేస్తే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. కత్తి అక్కర్లేదు, నెత్తురు అక్కర్లేదు. గోడలు చాలు.

1301లో ఎడ్వర్డ్ తన కొడుక్కి 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' బిరుదు ఇచ్చాడు. ఆ బిరుదుపై అసలు హక్కున్న కుటుంబపు పిల్ల అప్పుడు 18 ఏళ్లది, మఠంలో ఉంది. తర్వాత మూడో ఎడ్వర్డ్ ఆమె ఖర్చుకు ఏడాదికి 20 పౌండ్లు మంజూరు చేశాడు. 1337 జూన్‌లో ఆమె అక్కడే చనిపోయింది. 54 ఏళ్ల జీవితం.

చుట్టూ ఉన్నవాళ్లకు ఆమె భాష రాదు, ఆమెకు నేర్పడానికి ఎవరూ లేరు. ఆ 'ల' శబ్దం వాళ్ల నోటికి తిరగలేదు. అందుకే రికార్డుల్లో ఆమె పేరు 'వెన్సిలియన్' అని, 'వెంట్లియాన్' అని కనిపిస్తుంది. రాజ్యం ఆమె నుంచి తండ్రిని, నేలను, భాషను తీసేసుకుంది. చివరికి పేరు కూడా సరిగ్గా మిగల్లేదు.

ఇక్కడ చరిత్ర ఒక వింత చేసింది. కిడ్వెలీలో చనిపోయిన మొదటి గ్వెన్‌లియన్‌కు రీస్ అనే కొడుకు ఉన్నాడు, తర్వాత గొప్ప పాలకుడయ్యాడు. రీస్ తన కూతురికి తల్లి పేరే పెట్టాడు. ఆ మనుమరాలు గ్వెన్‌లియన్ వంశంలోంచే ట్యూడర్లు వచ్చారు, 1485లో ఇంగ్లండ్ గద్దె ఎక్కారు. ఆ ట్యూడర్ వంశపు ఎనిమిదో హెన్రీ 1536లో తెచ్చిన చట్టం వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపేసింది. కోర్టుల్లో ఇంగ్లీషే నడవాలంది. ఇంగ్లీషు రానివాడికి పదవి లేదంది. గద్దె ఎక్కింది మనవాడే కదా అనుకుంటే సరిపోదు, ఎవరి కోసం పనిచేస్తాడన్నది చూడాలి.

పేర్లు కూడా మారిపోయాయి. వేల్స్‌లో ఇంటిపేరు ఉండేది కాదు. 'ఆప్' అంటే కొడుకు, 'వెర్ఖ్' అంటే కూతురు. ఫలానా వాడి కొడుకు ఫలానా, అంతే. ఇంగ్లీషు పద్ధతి వచ్చాక ఆప్ హవెల్ 'పావెల్' అయ్యాడు, ఆప్ రీస్ 'ప్రైస్' అయ్యాడు. ఆడపిల్లలకు మేరీ, మార్గరెట్, ఎలిజబెత్ పేర్లు పెరిగాయి. రాజకుటుంబాల్లో తరతరాలు నడిచిన గ్వెన్‌లియన్ పేరు తగ్గిపోయింది.

తర్వాత దెబ్బ బడిలో పడింది. 1847లో ప్రభుత్వం కోసం ముగ్గురు ఇంగ్లీషు అధికారులు వేల్స్ బడుల మీద రిపోర్టు రాశారు. వాళ్లకు వేల్స్ భాష రాదు. ఆ జనం వెనకబడడానికి వాళ్ల భాషే కారణమని తేల్చారు. ఆ రిపోర్టును వేల్స్ ప్రజలు 'నీలి పుస్తకాల ద్రోహం' అంటారు. 19వ శతాబ్దంలో చాలా బడుల్లో 'వెల్ష్ నాట్' అనే శిక్ష ఉండేది. సొంత భాష మాట్లాడిన పిల్ల మెడలో చెక్కముక్క వేలాడదీస్తారు. ఇంకొకరు మాట్లాడితే అది వాళ్ల మెడకు మారుతుంది. సాయంత్రం ఎవరి మెడలో ఉంటే వాళ్లకు దెబ్బలు. అంటే పిల్లలే పిల్లల మీద నిఘా అన్నమాట. దీనికి చట్టమేమీ లేదు. పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లీషు రావాలని కొందరు తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. 1901లో వేల్స్‌లో దాదాపు సగం మంది ఆ భాష మాట్లాడేవాళ్లు. 2021 లెక్కల్లో అది 17.8 శాతం.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత రేడియోలో భాష భవిష్యత్తు గురించి మాట్లాడాడు. అది విని యువకులు సంఘం పెట్టుకున్నారు. ఇంగ్లీషు బోర్డులకు రంగు పూశారు, జైలుకు పోయారు. 1967లో, 1993లో చట్టాలు వచ్చాయి, 2011లో అధికార భాష హోదా దక్కింది. వేల్స్ భాషలో చదువు చెప్పే బడులు పెరిగాయి. పాత పేర్లు మళ్లీ వినిపిస్తున్నాయి. గ్వెన్‌లియన్ అని పెట్టి ఇంట్లో 'గ్వెన్' అనో 'లియో' అనో పిలుచుకుంటారు.

2009 సెప్టెంబర్‌లో ఇంకో మంచి పని జరిగింది. వేల్స్ ఉత్తరాన ఒక కొండల వరుసలో లువెలిన్ పేరుతో, దావిద్ పేరుతో శిఖరాలు ఉన్నాయి. వాటి దగ్గరే ఉన్న 926 మీటర్ల ఇంకో శిఖరానికి 'కార్నెద్ గ్వెన్‌లియన్' అని పేరు మార్చారు. ఆమె పేరు మీద ఉన్న సంఘం పట్టుబట్టి సాధించిన మార్పు అది. సొంత నేల చూడకుండా చనిపోయిన పిల్ల 700 ఏళ్లకు తన కొండల మధ్యకు వచ్చింది. మ్యాపులో ఇప్పుడు ఆ పేరు వాళ్ల భాషలో, వాళ్ల స్పెల్లింగ్‌తోనే ఉంటుంది.

మన దేశ ఆదివాసులకూ వేల్స్‌కూ ఒక సంబంధం ఉంది. 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ మిషనరీ చిరపుంజి చేరి, ఖాసీ భాషను రోమన్ అక్షరాల్లో రాశాడు. స్పెల్లింగులకు తన వేల్స్ భాష పద్ధతినే వాడాడు. ఇవాళ్టికీ ఖాసీ అక్షరమాలలో ఆ గుర్తులున్నాయి.

ఇక మన సంగతి. మన భీం పేరే చూడండి. కొమరం అని ఒకచోట, కొమురం అని ఇంకోచోట, కుమ్రం అని మరోచోట. జిల్లా పేరులో కుమురం. బడిలో పేరు రాసుకునే సారుకు నోరు తిరగక మార్చేసిన పేర్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. ఆధార్‌లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉండి స్కాలర్‌షిప్ ఆగినవాళ్లూ మనలో ఉన్నారు.

కాబట్టి ఒక పని చేద్దాం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో, తాతనో అడగండి. వాళ్ల పేరు అసలు ఎట్లా పలుకుతారు, అర్థమేంటి, ఎవరు పెట్టారు, రేషన్ కార్డులో ఎట్లా రాశారు? విన్నది విన్నట్టు ఇక్కడ రాయండి. వీలైతే వాళ్ల గొంతు రికార్డు చేయండి. రేపు ఇంట్లో పాప పుడితే ఆ పేర్లలో ఒకటి పెట్టుకోవచ్చు.

జోహార్.